తూలిన కాలు

నిజాంపట్నం,
16 ఫిబ్రవరి 2025.

చెల్లి విజయకు,

అన్నయ్య సింగయ్య రాసేది. ఆరు రోజులు సముద్రం మీద ఉండి నిన్న మధ్యాహ్నం రేవుకొచ్చాం. నువ్వు ఫోను చేశావని మీ వదిన చెప్పింది. నాకు ఫోనిచ్చి ఏం లాభం? ముప్పై ఏళ్ళు బోటు ఇంజను పక్కన నిలబడ్డ చెవులివి. కిందటిసారి నువ్వు 'అన్నం తిన్నావా' అంటే నేను 'అవును, ఆదివారం' అన్నానట. మీ వదిన ఇప్పటికీ నవ్వుతోంది. పక్కింటి పిల్లల ఫోనులో మెసేజీ పెడితే రేవంతా చదువుతుంది. కవరు మీద నాలుగు రోజులు ఆలస్యమైనా మన మాట మన మధ్యే ఉంటుంది.

మస్తాన్ బావకి రైల్వేలో డ్యూటీ మారిందా? మీ అత్తగారు వరమ్మత్తకి కళ్ళు బొత్తిగా కనిపించడం లేదని రాశావు. ఎనభై దాటిన మనిషి, జాగ్రత్తగా చూసుకో. మీ కొలకలూరు అంగన్‌వాడీ పిల్లలు ఇంకా నిన్ను 'టీచరమ్మా' అని కొంగు పట్టుకుని తిరుగుతున్నారా?

ఇక్కడ ఒక వింత జరిగింది. నా కుడి మోకాలి కింద, బయటివైపు, రేగుపండంత గడ్డ లేచింది. నొప్పి లేదు. గట్టిగా నొక్కితే మాత్రం పాదం మీద చీమలు పాకినట్టుంటుంది. ఆరెంపీకి చూపిస్తే వాతమన్నాడు, ఎర్ర బిళ్ళలిచ్చాడు. వాటితో నోరు చేదెక్కింది గానీ గడ్డ అలాగే ఉంది. మొన్న బోటు మీద తాడు దాటబోయి బోర్లా పడ్డాను. ఇరవై ఏళ్ళుగా చూడకుండా దాటే తాడది! రేవులో దిగేటప్పుడు మళ్ళీ తూలాను. ఓనరు కృష్ణకాంత్ గారు అక్కడే ఉన్నారు. నన్ను చూశారు, ఏమీ అనలేదు. ఆయన ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

వయసు యాభై రెండు. అప్పుడే కాళ్ళు ముసలివయ్యాయా ఏంటి?

మీ అన్నయ్య,
సింగయ్య

---

తెనాలి,
2 మార్చి 2025.

అన్నయ్యకు,

ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను, ముందే చెబుతున్నాను.

వదిన నిన్న ఫోను చేసి ఏడ్చింది. నువ్వు గడప దాటుతూ పడ్డావట. చేపల బజారులో అందరి ముందూ పడ్డావట. "మళ్ళీ మొదలుపెట్టారు విజయా. వాసన రాకుండా ఏదో నములుతున్నట్టున్నారు. కృష్ణకాంత్ గారు చుక్కాని ఇంకొకళ్ళకిస్తానని కబురు పెట్టారు" అంది. ఆ మనిషి ఏనాడైనా నీ మీద చాడీ చెప్పిందా?

నువ్వేమో నాకు గడ్డ, చీమలు, ఎర్ర బిళ్ళలు అని కథలు రాశావు. అమ్మ పెద్దకర్మ రోజు నువ్వు ఎలా వచ్చావో నాకు గుర్తుంది. పిండం పెట్టాల్సిన చేతుల్ని ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. ఏడాది పాటు నీతో మాట్లాడలేదు నేను. తర్వాత నువ్వే వచ్చి అమ్మ ఫొటో ముందు చెయ్యి చాపి మానేస్తున్నానన్నావు. మానేశావు కూడా. ఈ ఏడేళ్ళూ మా అత్తింట్లో మా అన్నయ్య అని తలెత్తి చెప్పుకున్నాను.

తాగితే తాగానని చెప్పు. కాలు మీద నెపం పెట్టకు.

విజయ

---

నిజాంపట్నం,
10 మార్చి 2025.

విజయకు,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను, ఒకవేళ నేనే తప్పుగా చదివానేమోనని.

చుక్కాని నా చేతిలోంచి తీసేశారు. నేను తర్ఫీదిచ్చిన కుర్రాడు బోటు నడుపుతుంటే నేను ఒడ్డున కూర్చుని చూశాను. అది ఓర్చుకున్నాను. మీ వదిన నా నోటి దగ్గరికొచ్చి వాసన చూసింది. అదీ ఓర్చుకున్నాను. నువ్వు కూడానా?

శనివారం రేపల్లె నుంచి పొద్దున బండికి వస్తున్నాను. ఎదురుగా నిలబడతాను. నువ్వే వాసన చూడు.

సింగయ్య

---

తెనాలి,
17 మార్చి 2025.

అన్నయ్యా,

నువ్వు అరుచుకుంటూ వెళ్ళిపోయి రెండు రోజులైంది. ఈ ఉత్తరం ముక్కలు చెయ్యకుండా చివరిదాకా చదువు. నీకు దణ్ణం పెడతాను.

నువ్వు వచ్చావు, వీధిలో వాళ్ళంతా వినేలా అరిచావు. నేనూ అరిచాను. మంచినీళ్ళు కూడా ముట్టకుండా మెట్లు దిగి వెళ్ళిపోయావు. నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంటే, మంచం మీద నుంచి మా అత్తయ్య పిలిచింది.

"ఏమే విజయా, మీ అన్నయ్య కాలికి ఏమైంది?"

"ఏం కాలేదు, మీరు పడుకోండి" అన్నాను.

"ఏం కాకపోవడమేంటే? ఒక కాలు మెత్తగా పడుతోంది, రెండోది టప్పుమని నేలని కొడుతోంది. వచ్చేటప్పుడూ అంతే, పోయేటప్పుడూ అంతే. తాగినవాడైతే రెండు కాళ్ళతోనూ తూలతాడు. ఒంటికాలితో తూలేవాణ్ణి నేను ఎక్కడా వినలేదు."

ఆ చప్పుడు మాకందరికీ వినపడింది, ఎవరూ పట్టించుకోలేదు. నీకేమో నీ అడుగు నీకే వినపడదు. ఆవిడకి కళ్ళు లేవు కాబట్టి మనిషిని అడుగుల్లోనే చూస్తుంది.

వాకిట్లోకి పరుగెత్తాను. మూడో మెట్టు మీద నీ కుడికాలి చెప్పు పడి ఉంది! అది ఊడిపోయినట్టు కూడా తెలియకుండా ఒంటిచెప్పుతో రైలెక్కావా అన్నయ్యా? తిరగేసి చూశాను. మడమ దగ్గర కొత్తగా ఉంది, వేళ్ళ దగ్గర మాత్రం అరిగి చిల్లు పడింది. అప్పుడు నీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. గడ్డ సంగతి నువ్వు అప్పుడే రాశావు. నేనే నమ్మలేదు.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. ఒక్క పని చెయ్యి. మా అంగన్‌వాడీకి ఆరోగ్య శిబిరానికి వచ్చిన డాక్టర్ చందన గారు ఇప్పుడు బాపట్లలో ఉంటున్నారు. ఫోను చేసి చెప్పాను. ఆమె దగ్గరికి వెళ్ళు. నాకు ఈ వారం సెలవు దొరకదు. వదినని తీసుకెళ్ళు, ఒక్కడివే వెళ్ళకు.

వదిన మీద కోపం పెట్టుకోకు. ఆవిడ భయపడింది, అంతే.

నీ చెల్లెలు,
విజయ

---

నిజాంపట్నం,
28 మార్చి 2025.

చెల్లీ,

బాపట్ల వెళ్ళాను. ఒక్కడినే వెళ్ళాను. మీ వదినతో ఇంకా సరిగ్గా మాటల్లేవు.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గానీ చెయ్యి చాలా మర్యాదగల చెయ్యి. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి పాదం పైకెత్తమంది. ఎత్తాననే అనుకున్నాను. చూస్తే ఎడమ పాదం లేచింది, కుడిది వేలాడుతోంది. అది నా పాదం కాదేమో అనిపించింది. తర్వాత మోకాలి పక్కన చల్లటి జిగురు రాసి స్కానింగ్ చేసింది. తెరమీద నల్లగా ఒక సంచి, దానికో తోక. ఆ తోక కండలోకి పోయింది. ఆమె చాలాసేపు మాట్లాడింది. మాస్కు వేసుకుంది, పెదవులు కనపడవు. నాకు రెండే మాటలు వినపడ్డాయి. ఒకటి కాన్సర్. రెండోది గుంటూరు. ఇంకోసారి అడగడానికి మనసు రాలేదు. "సరేనమ్మా" అని కాగితాలు తీసుకుని వచ్చేశాను.

సూర్యలంక వైపు వెళ్ళే ఆటో ఎక్కి సముద్రం ఒడ్డున కాసేపు కూర్చున్నాను. నిజం చెప్పనా? ఏడుపు రాలేదు. కాన్సరైతే అయింది, తాగుబోతుని కాదని తేలింది గదా అనుకున్నాను. నవ్వొచ్చింది కూడా.

ఇంటికొచ్చి మీ వదినకి ఏమీ చెప్పలేదు. నువ్వే వచ్చి మెల్లగా చెప్పు. నేను లేకపోతే దాన్ని ఒంటరిగా ఉంచకు. దానికి పీడకలలొస్తాయి, లేపి మంచినీళ్ళివ్వాలి. నా పెద్దవల ఆ కుర్రాడికిచ్చెయ్యి. చుక్కాని బాగానే పట్టాడు, నేనే చూశాను. నీకు నా మీద ఇంకా కోపముంటే ఇప్పుడే తిట్టెయ్, తర్వాత తిట్టాలన్నా దొరకను.

వరమ్మత్త పాదాలకి నా దణ్ణాలు. ఆవిడ ఒక్కర్తే నన్ను నమ్మింది.

అన్నయ్య

---

తెనాలి,
2 ఏప్రిల్ 2025.

అన్నయ్యా,

వదినకి ఫోనులో విషయం చెప్పేశాను. ఈపాటికి రాసి చూపించి ఉంటుంది. అయినా నా చేత్తో రాస్తేనే నీకు నమ్మకం కాబట్టి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

నీకు కాన్సర్ లేదు.

మీ బావ నీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని చదివి, అక్కడికక్కడే చందన గారికి ఫోను కలిపాడు. ఆమె ఏమందో తెలుసా? "అయ్యో, కాన్సర్ కాదని నాలుగుసార్లు చెప్పానండి! ఆయన ప్రతిసారీ తలూపి సరేనమ్మా అన్నారండి." నాలుగుసార్లూ కాన్సర్ అన్నమాట వినపడి, కాదన్నది వినపడలేదా నీకు? చెవులు పనిచెయ్యవని ఆమెకి ఒక్కమాట చెప్పొచ్చుగా! అడగడానికి సిగ్గుపడి వల కూడా పంచేశావు.

ఆమె చెప్పింది నాకర్థమైనట్టు రాస్తాను. మోకాలి కింద బయటివైపు సన్నెముక, పెద్దెముక కలిసేచోట చిన్న కీలు ఉంటుంది. అందులో ఊరే జిగురు నీరు ఎప్పుడో బయటికి తోసుకొచ్చి సంచి కట్టింది. తాటిముంజలో నీళ్ళున్నట్టన్నమాట. మామూలుగా ఇలాంటి నీటిగడ్డలు మోకాలి వెనక లేస్తాయట, ఊరుకుంటాయట. నీది అరుదైన రకం. కీలు నుంచి పక్క కండలోకి పాకింది. పాదాన్ని పైకెత్తే నరం సరిగ్గా ఆ దారిలోనే పోతుంది. గడ్డ దాన్ని ఎముకకేసి నొక్కేస్తోంది. చీమలు పాకినట్టుండటం, చెప్పు ఊడటం, తాడుకి తట్టుకోవడం అన్నీ దానివల్లే.

గుంటూరులో ఎమ్మారై తీసి, ఎముకల డాక్టరుకి చూపించాలి. ఆలస్యమైతే నరం పూర్తిగా చచ్చుబడుతుందట. పదిహేనో తారీకు నుంచి ఎలాగూ వేట నిషేధమే కదా, బోట్లన్నీ రేవులోనే ఉంటాయి. మీ బావ సెలవు పెట్టాడు. నేనూ పెట్టాను. ఈసారి డాక్టరు చెప్పే ప్రతి మాటా నేను పలక మీద రాసి నీకు చూపిస్తాను. మా అంగన్‌వాడీ పలక ఒకటి తెస్తున్నాను.

అత్తయ్యకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "నమ్మడానికేముందే, చెవికి వినపడింది చెప్పాను" అంది. కానీ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది.

వదినతో మాట్లాడు అన్నయ్యా. ముందు నువ్వే మాట్లాడు.

విజయ

---

నిజాంపట్నం,
25 మే 2025.

చెల్లి విజయకు,

కుట్లు ఆరిపోయాయి. ఇప్పుడు వాకిట్లో కుర్చీ వేసుకుని రాస్తున్నాను. ఎవరికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ రాయలేదు.

ఆపరేషన్ రోజు బావ నన్ను చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు మంచం మీదికెత్తాడు. రైలు పెట్టెలు తోసే చేతులవి, ఎంత మెత్తగా ఎత్తాడో! తీసిన గడ్డ ఫొటో డాక్టరు చూపించినప్పుడు నేను నోరెళ్ళబెట్టాను. కోడిగుడ్డు తెల్లసొనంత జిగురు, ఇంత మనిషిని పడేసిందా అని. నువ్వు పలక మీద 'నరం తెగలేదు, నలిగింది' అని రాసి చూపించావు. ఆ అక్షరాలు ఇప్పుడు కళ్ళు మూసుకున్నా కనిపిస్తాయి.

నిన్న కృష్ణకాంత్ గారు వచ్చారు. బత్తాయిలు తెచ్చారు. నా చెవి దగ్గరికొచ్చి గట్టిగా అన్నారు: "సింగయ్యా, ఆ రోజు రేవులో నిన్ను అడగాల్సింది. అడక్కుండానే తాగావనుకున్నాను. తప్పు నాదే." "కూర్చోండి సార్, కాఫీ తాగుదురుగాని" అన్నాను. మీ వదిన లోపల ఏడుస్తూ కాఫీ కలిపింది. మేమిద్దరం ఇప్పుడు బాగానే ఉన్నాం. నేనే ముందు మాట్లాడాను, నువ్వు చెప్పినట్టే.

అయితే ఒక్క సంగతి నన్ను తినేస్తోంది. నెల కావస్తోంది, పాదం ఇంకా లేవలేదు. ప్లాస్టిక్ పట్టీ కట్టుకుంటేనే నడక. డిశ్చార్జి రోజున నువ్వూ డాక్టరూ గుమ్మం బయట చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను చూడగానే నువ్వు పలక కొంగు కింద దాచావు. ఏం దాచావు చెల్లీ? ఇక లేవదన్నాడా? అంటే చెప్పెయ్. ఒడ్డున వలలు అల్లుకుని బతుకుతాను. అబద్ధం మీద ఆశ పెట్టుకుని మాత్రం కూర్చోలేను.

అన్నయ్య

---

తెనాలి,
3 జూన్ 2025.

అన్నయ్యకు,

అయ్యో రాత! మంచి చేద్దామనుకున్నా మనిద్దరికీ తగాదాయేనా?

గుమ్మం బయట నేను డాక్టరు గారిని అడిగింది నీ కాలి గురించి కాదు, చెవుల గురించి. గుంటూరులో చెవి మిషన్లు ఎక్కడ మంచివి దొరుకుతాయని అడిగాను. ఆయన చెబుతుంటే పలక మీద అడ్రసు రాసుకున్నాను. నువ్వు చూస్తే వద్దంటావని దాచాను. 'నాలుగుసార్లు కాదన్నా' వినపడని మనిషిని ఇంకోసారి ఒంటరిగా ఆస్పత్రికి పంపే ధైర్యం నాకు లేదు. మీ బావ నీ మిషను తెచ్చి ఉంచాడు. వచ్చే ఆదివారం మేమిద్దరం తెస్తాం. వద్దనకు.

పాదం సంగతి. నలిగిన నరం మళ్ళీ చిగురించాలట. రోజుకు ఆవగింజంత దూరం కూడా పాకదట. మోకాలి నుంచి పాదం దాకా ఎన్ని ఆవగింజలో నువ్వే లెక్కేసుకో. నూటికి నూరు పాళ్ళూ వస్తుందని డాక్టరు మాట ఇవ్వలేదు. గడ్డ మళ్ళీ రావచ్చని కూడా చెప్పాడు, అందుకే ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి. ఇంతకు మించి నా దగ్గర దాచిందేమీ లేదు. అమ్మ మీద ఒట్టు.

ఒక మాట ఇంతవరకు రాయలేకపోయాను. ఆ మార్చి ఉత్తరం ఇప్పటికీ నన్ను కాలుస్తోంది. నువ్వు ఏడేళ్ళు మాట నిలబెట్టుకున్నావు. నేను ఒక్క ఫోనుకి నీ మీద నమ్మకం వదిలేశాను. నీ పెట్టెలో అది ఇంకా ఉంటే చింపెయ్.

వదిన రోజూ పొద్దున్నే నీ పాదం దగ్గర కూర్చుని బొటనవేలు వంకే చూస్తోందట కదా! వేలికి దిష్టి తగులుతుందని చెప్పు.

నీ విజయ

---

నిజాంపట్నం,
21 సెప్టెంబర్ 2025.

చెల్లీ,

బొటనవేలు కదిలిన రోజు మీ వదిన నీకు ఫోనులో అరిచి చెప్పిందట, వీధి చివర మనిషికి కూడా వినపడేలా. ఆ తర్వాత మిగతా వేళ్ళు, ఆ తర్వాత పాదం. ఇప్పుడు చాలావరకు లేస్తోంది. పొద్దుగూకేసరికి అలిసిపోయి కాస్త వాలుతుంది. బోటు మీద పట్టీ కట్టుకుంటున్నాను, పర్వాలేదు.

చెవి మిషను పెట్టుకుని మొదటిసారి బోటెక్కాను. అబ్బ, ఆ ఇంజను అంత గోల చేస్తుందని ముప్పై ఏళ్ళలో నాకు తెలియదు! వెంటనే తీసి జేబులో వేశాను. ఇంట్లో మాత్రం పెట్టుకుంటున్నాను. మీ వదిన వంట చేస్తూ తనలో తాను పాడుకుంటుందని నీకు తెలుసా? నాకు మొన్ననే తెలిసింది. ఇరవై ఆరేళ్ళ కాపురం చేశాను ఆ మనిషితో.

కృష్ణకాంత్ గారు చుక్కాని తిరిగి ఇచ్చారు. ఆ కుర్రాడే దగ్గరుండి నన్ను నిలబెట్టాడు. మొగ దాటేటప్పుడు అల పోటు మీదుంది. సముద్రం, నదీ కలిసే ఆ చోట బోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది, కుడికాలు బలంగా తన్నిపట్టాలి. పట్టాను. నిలబడింది. బోటు మొగ దాటాక వెనకున్న కలాసీలందరూ ఒక్కసారి కేక వేశారు. మిషను లేకపోయినా ఆ కేక నాకు వినపడింది.

నువ్వు చింపెయ్యమన్న ఉత్తరం చింపలేదు. చింపను కూడా. అది చదివి నాకు ఒళ్ళు మండబట్టే తెనాలి బండెక్కాను. నువ్వు మెత్తగా 'ఆరోగ్యం చూసుకో అన్నయ్యా' అని రాసి ఉంటే ఇక్కడే కూర్చుని ఎర్ర బిళ్ళలు మింగుతూ ఉండేవాణ్ణి. ఆలోగా నరం చచ్చిపోయేది. అమ్మ ఉంటే నీలాగే తిట్టేది. నాకు తిట్టే మనిషి ఒకరు మిగిలారు, అంతకన్నా ఏం కావాలి?

చందన డాక్టరమ్మకి పండుగప్ప చేప పంపాను. ఈసారి కాగితం మీద 'కాన్సర్ కాదు సింగయ్య' అని పేరు రాసి పంపాను. నవ్విందట.

రేపు పొద్దున రేపల్లె బండికి ఐసు పెట్టె వేస్తున్నాను, ఈ ఉత్తరం కూడా దానితోనే; బావని స్టేషన్లో తీసుకోమని మీ వదిన ఫోను చేసింది. వేట బాగా పడింది. చందువా చేపలు మీకు, పిల్లలకి. అడుగున ఆకులో చుట్టి కట్టినవి కానాగంతలు, అవి వరమ్మత్తకి. వాటిలో సన్నముళ్ళుంటాయి. దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ ఏరి, అన్నంలో కలిపి పెట్టు. తొందరపడకు, ఆవిడ తిన్నాకే నువ్వు తిను.

కలాసీలు పిలుస్తున్నారు, వెళ్తున్నాను.

అన్నయ్య సింగయ్య